మీకు తెలుసా? డేటా సైన్స్ డిగ్రీకి కిరాణా కొట్టు పద్దులూ కావాలి

ఈఏపీసెట్ అని పేరు మారి ఏళ్లు గడిచినా మన ఇళ్లలో అది ఇంకా ఎంసెట్టే. కౌన్సెలింగ్ మొదలైందంటే చాలు, వెబ్ ఆప్షన్ల జాబితాలో ‘సీఎస్‌డీ’ అన్న మూడక్షరాల దగ్గర అమ్మానాన్నల వేలు ఆగిపోతుంది. కంప్యూటర్ సైన్స్, పక్కనే డేటా సైన్స్. ఇంక ప్రశ్నలు మొదలు. ప్లేస్‌మెంట్లు ఎలా ఉన్నాయి? ప్యాకేజీ ఎంత? పైథాన్ నేర్పుతారా? అన్నీ కాలేజీ ఏమిస్తుందనే. ఆ డిగ్రీ చేతికి రావాలంటే పిల్లలు ఏం చేసి చూపించాలో మాత్రం ఎవరూ అడగరు. అడిగితే వచ్చే జవాబుల్లో కొన్ని వింతగా ఉంటాయి.

ఇక్కడి సంగతుల్లో ఎక్కువ భాగం ఐఐటీ మద్రాసు ఆన్‌లైన్ బీఎస్ డిగ్రీవి. నరసన్నపేటలో ఉన్నా నారాయణఖేడ్‌లో ఉన్నా ఇంట్లో కూర్చుని చదువుకోగల డిగ్రీ అది. నియమాలు కూడా దాచకుండా బయటపెట్టారు. మిగతావి బర్క్‌లీవి, కోల్‌కతావి, మన జేఎన్టీయూవి.

మొదటి పాఠంలో కంప్యూటర్ ఉండదు

ఐఐటీ మద్రాసు డిగ్రీలో అన్నిటికంటే ముందు చదివే నాలుగు సబ్జెక్టుల్లో ఒకటి కంప్యుటేషనల్ థింకింగ్. పేరు విని ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంటే, పాఠంలో కనిపించేది కాగితపు కార్డుల కట్ట. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఆచార్యుడు మాధవన్ ముకుంద్, జి. వెంకటేశ్ ఇద్దరూ బల్ల దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నట్టే పాఠం నడుపుతారు. ఒక కట్టలో విద్యార్థుల మార్కులు, మరో కట్టలో దుకాణం బిల్లులు, ఇంకో కట్టలో ఒక పేరాలోని మాటలు కార్డుకు ఒకటి చొప్పున ఉంటాయి.

కట్టలోంచి ఒక్కో కార్డే తీయాలి, చూడాలి, పక్కన పెట్టేయాలి. లెక్కల్లో అందరికంటే ఎక్కువ మార్కులు ఎన్ని? దీనికి కార్డులన్నీ గుర్తుంచుకోనక్కర్లేదు. ఇప్పటిదాకా చూసినవాటిలో పెద్ద అంకె ఒక్కటి గుర్తుంటే సరిపోతుంది. సగటు కంటే ఎక్కువ తెచ్చుకున్నవాళ్లు ఎంతమంది? ఇక్కడ మెలిక పడుతుంది. కట్ట మొత్తం ఒకసారి తిరగేస్తేగానీ సగటు తెలియదు కాబట్టి రెండోసారి మొదటినుంచి రావాల్సిందే. ఒకే రోజున పుట్టినవాళ్లు ఇద్దరున్నారా? ఇది ఇంకా పెద్ద తలనొప్పి. 30 కార్డుల్లో ప్రతిదాన్నీ మిగతా అన్నిటితో పోల్చాలంటే 435 పోలికలు. కార్డుల్ని ముందే నెలవారీగా 12 కుప్పలు పోసి, ఏ కుప్పలోది ఆ కుప్పలోనే పోల్చుకుంటే పని బాగా తగ్గిపోతుంది.

కోట్ల కొద్దీ వరుసలున్న డేటాబేస్ లోపల జరిగేది కూడా ఇదే. ఒక్క చుట్టుతో తేలే పని ఏది, రెండు చుట్లు కావలసింది ఏది, ముందే సర్దిపెట్టుకుంటే కలిసొచ్చేది ఏది అన్నది చేతికి తెలిశాకే మనసుకు ఎక్కుతుంది. ఈ కోర్సులో ఏ ప్రోగ్రామింగ్ భాషా ఉండదు. చేసిన పనిని అంచెలంచెలుగా సూడోకోడ్‌లో రాయడమే. ఇది పాసయ్యాకే పైథాన్. ‘మావాడికి పైథాన్ ఎప్పుడు మొదలుపెడతారు’ అని తొందరపడే నాన్నలకు ఆ కార్డుల పాఠం ఒక్కటి చూపించాలి.

ర్యాంకు అడగని ఐఐటీ కోర్సు

ఐఐటీ అనగానే మనకు గుర్తొచ్చేది ఆరో తరగతి నుంచి ఫౌండేషన్ కోచింగ్, హాస్టల్, ర్యాంకు. 2020 జూన్‌లో మొదలైన ఈ డిగ్రీకి జేఈఈ రాయనక్కర్లేదు. పదో తరగతిలో లెక్కలు, ఇంగ్లిష్ చదివి ఉండాలి. ఇంటర్ ఏ గ్రూపైనా సరే. సీఈసీ, హెచ్‌ఈసీ, బైపీసీ వాళ్లు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు.

అలాగని తలుపులు బార్లా తెరిచి పెట్టలేదు. దరఖాస్తు పెట్టినవాళ్లకు నాలుగు వారాల పాఠాలు ఇస్తారు. ఇంగ్లిష్, లెక్కలు, స్టాటిస్టిక్స్, పైన చెప్పిన కార్డుల పాఠం. వారం వారం అసైన్‌మెంట్లు చేసి కనీస మార్కులు తెచ్చుకుంటేనే హాల్ టికెట్. ఆ తర్వాత సెంటరుకు వెళ్లి నాలుగు సబ్జెక్టులూ ఒకే పూట రాయాలి. జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు అర్హత తెచ్చుకున్నవాళ్లకు మాత్రం ఈ అర్హత పరీక్ష నుంచి మినహాయింపు ఉంది.

ఇందులో నాకు నచ్చిన మాట ఒకటుంది. సీట్లు ఇన్ని అని గిరి గీయలేదు. కటాఫ్ దాటిన ప్రతి ఒక్కరికీ ప్రవేశం ఉంటుంది. అవతలివాడి మార్కు తగ్గితే మనకు మేలు అనే లెక్క ఇక్కడ పనికిరాదు. నేర్పకుండా పరీక్ష పెట్టడం కాకుండా, నేర్పి ఆ నేర్పినదాంట్లోనే పరీక్ష పెట్టడం మన ప్రవేశ పరీక్షల్లో ఎక్కడ ఉంది చెప్పండి? ఆదాయం తక్కువున్న కుటుంబాల పిల్లలకు, వర్గాన్నీ ఆదాయాన్నీ బట్టి, ఫీజులో 75 శాతం దాకా రాయితీ కూడా ఉంది.

142 లెక్క

బీఎస్ పట్టా రావాలంటే 142 క్రెడిట్లు కావాలి. ఇవి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వస్తాయి. ఫౌండేషన్‌లో 8 కోర్సులకు 32. ఆ పైన రెండు డిప్లొమాలు, ప్రోగ్రామింగ్‌ది ఒకటి, డేటా సైన్స్‌ది ఒకటి, చెరో 27. అక్కడికి 86. ఇంకో 28 చేరిస్తే 114, బీఎస్సీ. మరో 28 చేరిస్తే 142, నాలుగేళ్ల బీఎస్.

ఎక్కడ ఆగితే అక్కడి పత్రం చేతికిస్తారు. ఫౌండేషన్ దగ్గర ఆగినా సర్టిఫికెట్ వస్తుంది. పెళ్లి, ఉద్యోగం, ఇంట్లో ఒకరి అనారోగ్యం లాంటివాటితో చదువు మధ్యలో ఆగిన ఆడపిల్లలు మన చుట్టూ ఎంతమంది లేరు? రెండేళ్లు చదివినదానికి చూపించుకోవడానికి ఒక కాగితమైనా లేకపోవడం ఎంత బాధో వాళ్లకు తెలుసు. జాతీయ విద్యా విధానం తర్వాత యూజీసీ కూడా మామూలు డిగ్రీలకు ఇలాంటి మెట్లే పెట్టింది. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. సంపాదించిన క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో ఏడేళ్ల దాకా చెల్లుతాయి.

మన జేఎన్టీయూ హైదరాబాద్ బీటెక్ సీఎస్‌డీకి కూడా 160 క్రెడిట్లే. నాలుగేళ్ల కోర్సును గరిష్ఠంగా ఎనిమిదేళ్లలో పూర్తిచేయాలి. ఐఐటీ మద్రాసు బీఎస్‌కు కూడా గడువు ఎనిమిదేళ్లే. ఒక తేడా ఉంది. జేఎన్టీయూలో ఎనిమిదేళ్లు అంటే బ్యాక్‌లాగ్‌ల కథ. ఐఐటీ మద్రాసులో ఎనిమిదేళ్లు అంటే చాలాసార్లు ఉద్యోగం చేసుకుంటూ టర్ముకు ఒకటో రెండో కోర్సులు తీసుకునేవాళ్ల కథ. ఒక్కో కోర్సుకు వారానికి 10 గంటలు పెట్టాలని సంస్థే చెబుతుంది. నాలుగు కోర్సులు తీసుకుంటే వారానికి 40 గంటలు, అంటే పూర్తిస్థాయి ఉద్యోగమంత పని. ‘ఆన్‌లైనే కదా, పక్కన పెట్టి చదివేస్తా’ అనుకున్నవాళ్లకు మొదటి క్విజ్‌లోనే సంగతి తెలిసొస్తుంది.

పాఠాలు ఆన్‌లైనే గానీ, టర్ముకు రెండు క్విజ్‌లు, చివర్లో ఎండ్ టర్మ్ సెంటరుకు వెళ్లే రాయాలి. ప్రోగ్రామింగ్ కోర్సులకు ఇంటి దగ్గరే కెమెరా నిఘాలో ఇంకో పరీక్ష ఉంటుంది. విద్యార్థులు దాన్ని ‘ఓపీపీఈ’ అంటారు. ఆ రోజు కరెంటు పోకూడదని మొక్కుకునేవాళ్లు ఉంటారనడంలో నాకే అనుమానమూ లేదు.

విశాఖలో చదివిన కుర్రాడికి ఒక విద్యార్థి వేసిన ప్రశ్న

స్టాటిస్టిక్స్ లేకుండా డేటా సైన్స్ డిగ్రీ ఎక్కడా ఇవ్వరు. ఆ పుస్తకాల్లో ‘ఎస్టిమేషన్’ అధ్యాయం తెరిస్తే ఒక తెలుగువాడి పేరు రెండుచోట్ల తగులుతుంది. క్రామెర్-రావు బౌండ్, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం. ఆ రావు కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920లో ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామల్లో చదివి, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథమెటిక్స్ ఎంఏ చేశారు. ఉద్యోగం ఇంటర్వ్యూకని కోల్‌కతా వెళ్లి, అక్కడి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ)లో 1941 జనవరి 1న చేరారు.

రెండు మూడేళ్లకే కలకత్తా విశ్వవిద్యాలయంలో ఎంఏ విద్యార్థులకు పాఠం చెబుతున్నారు. వయసులో వాళ్లకూ ఆయనకూ పెద్ద తేడా లేదు. ఒకరోజు స్టాటిస్టిక్స్ పండితుడు రొనాల్డ్ ఫిషర్ ఫలితం ఒకటి వివరిస్తున్నారు. శాంపిల్ చాలా పెద్దదైనప్పుడు అంచనాలో తప్పు ఒక హద్దు కంటే తగ్గదని దాని సారం. బెంచీ మీంచి ఒక విద్యార్థి లేచి అడిగాడు, శాంపిల్ చిన్నదైతే కూడా అలాంటి హద్దు ఉందా అని. అడిగింది వి.ఎం. దాండేకర్, తర్వాతి రోజుల్లో పేరుమోసిన ఆర్థికవేత్త. రావు దగ్గర అప్పటికి జవాబు లేదు. ఇంటికెళ్లి రాత్రి కూర్చుని లెక్క తేల్చి, మర్నాడు క్లాసులో నిరూపించి చూపించారు. 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో అచ్చయిన వ్యాసంలో అది చేరింది. అప్పటికాయనకు పాతికేళ్లు. స్వీడన్‌లో హెరాల్డ్ క్రామెర్ విడిగా అదే ఫలితానికి చేరడంతో ఇద్దరి పేర్లూ జంటగా నిలిచాయి.

ఆ హద్దు చెప్పేది ఇంతే. చేతిలో ఉన్న డేటాలో ఎంత సమాచారం ఉందో, అంచనాలో ఖచ్చితత్వం అంతకు మించి రాదు. పక్షపాతం లేని ఏ పద్ధతి వాడినా, ఎంత ఖరీదైన కంప్యూటర్ తెచ్చినా తప్పు ఆ గీత కిందికి దిగదు. మిషన్ లెర్నింగ్‌తో ఏదైనా చెప్పేయొచ్చని నమ్మే ఉత్సాహవంతులకు ఇది మొదటి ఏడాదిలోనే చెప్పాల్సిన సంగతి.

రావు పనిచేసిన అదే ఐఎస్ఐలో బీస్టాట్ డిగ్రీ 1960లో మొదలైంది. 2024లో ఐఎస్ఐ స్టాటిస్టికల్ డేటా సైన్స్ పేరుతో నాలుగేళ్ల డిగ్రీ కూడా ప్రవేశపెట్టింది. ఇక రావుకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి 2023లో వచ్చింది. పాతికేళ్ల వయసులో రాసిన ఆ వ్యాసానికే. అప్పటికాయనకు 102 ఏళ్లు. అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు.

2001లో ఒకాయన వేసిన బడ్జెట్

డేటా సైన్స్ విభాగానికి సమయం, డబ్బు ఎలా పంచాలో బెల్ ల్యాబ్స్‌కు చెందిన విలియం క్లీవ్‌ల్యాండ్ 2001లోనే శాతాలతో సహా రాశాడు. వేరే రంగాలవాళ్లతో కలిసి చేసే పనికి 25, మోడళ్లు, పద్ధతులకు 20, సిద్ధాంతానికి 20, డేటాతో కంప్యూటింగ్‌కు 15, బోధనకు 15, సాధనాల మూల్యాంకనానికి 5. కంప్యూటింగ్‌కు 15 శాతమే అన్నది ఒకటి, అన్నిటికంటే పెద్ద వాటా పక్క రంగాల పనికి అన్నది రెండోది. పాతికేళ్లవుతున్నా మన సిలబస్ కమిటీల్లో ఆ 25 శాతం ఇంకా ఎవరి కంటా పడినట్టు లేదు.

బర్క్‌లీలో పక్క ఊరు చూసి రావాల్సిందే

పక్క రంగాల పని అన్న ఆ మాటను గట్టిగా పట్టుకున్నవాళ్లు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీవాళ్లు. 2018లో అక్కడ మొదలైన డేటా సైన్స్ బీఏలో (అవును, బీఏనే) ‘డొమైన్ ఎంఫసిస్’ అని ఒక నిబంధన ఉంది. డేటా సైన్స్ కాని ఏదో ఒక రంగంలో మూడు కోర్సులు చేయాలి. పర్యావరణం, జీవవైవిధ్యం, ప్రజారోగ్యం, భాషాశాస్త్రం, నగరాల అధ్యయనం, చివరికి తత్త్వశాస్త్రం కూడా జాబితాలో ఉంది. ఇవి లేకపోతే, కోడింగ్‌లో ఎంత మొనగాడైనా, పట్టా రాదు. దాంతోపాటు మనుషులు, సమాజం, నైతికత అంశంగా ఒక కోర్సు తప్పనిసరి.

అక్కడి మొదటి కోర్సు ‘డేటా 8’కు ముందస్తు అర్హతలేమీ లేవు. ప్రోగ్రామింగ్ అస్సలు రానివాళ్లు కూడా చేరొచ్చు. దాని పాఠ్యపుస్తకం ఆన్‌లైన్‌లో ఉచితం, ఎవరైనా చదువుకోవచ్చు. మొదటి అధ్యాయంలోనే రెండు నవలలు, ‘హకల్‌బెరీ ఫిన్’, ‘లిటిల్ విమెన్’ తీసుకుని, ఏ పాత్ర పేరు ఏ అధ్యాయం ముగిసేసరికి మొత్తం ఎన్నిసార్లు వచ్చిందో గీతలు గీసి చూపిస్తారు. ఆ గీతలు ఎక్కడ వేగంగా ఎగబాకాయో, ఎక్కడ చదునుగా ఆగాయో చూస్తేనే కథ కొంత తెలుస్తుంది. మన విద్యార్థి ఎవరైనా ‘మాలపల్లి’ నవల మీద ఇలాంటి ప్రయత్నం చేస్తే బాగుండు. తెలుగులో విభక్తులు పేరుకే అంటుకుపోతాయి కాబట్టి ఆ పని కాస్త కష్టం. కష్టమైనందుకే మంచి ప్రాజెక్టవుతుంది.

రెండో అధ్యాయం 1854 నాటి లండన్ కలరా. జాన్ స్నో అనే వైద్యుడు బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ చావుల్ని మ్యాపు మీద గుర్తించిన కథ చాలామందికి తెలుసు. ఈ పుస్తకం అక్కడితో ఆగకుండా ఆయన చేసిన ఇంకో పని చెబుతుంది. ఒకే వీధుల్లో పక్కపక్క ఇళ్లకు రెండు వేర్వేరు కంపెనీల నీళ్లు వచ్చేవి. ఒక కంపెనీ మురుగు కలిసే చోట థేమ్స్ నీళ్లు తోడేది, ఇంకోటి ఎగువన. మనుషులు ఒకలాంటివాళ్లే, ఇళ్లు ఒకలాంటివే, తేడా నీళ్లలోనే. కారణాన్ని, కాకతాళీయాన్ని వేరుచేయడానికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు. కంప్యూటర్ పుట్టడానికి దాదాపు శతాబ్దం ముందటి పాఠం అది.

కొట్టు యజమానిని ఒప్పించడం కూడా సిలబస్సే

ఐఐటీ మద్రాసు డిప్లొమాలో బిజినెస్ డేటా మేనేజ్‌మెంట్ అని ఒక కోర్సు, దానికి విడిగా ఒక ప్రాజెక్టు ఉన్నాయి. విద్యార్థి నిజమైన వ్యాపారం ఒకదాన్ని వెతుక్కోవాలి. కిరాణా కొట్టు కావచ్చు, మెడికల్ షాపు, బేకరీ, చిన్న వర్క్‌షాపు ఏదైనా కావచ్చు. దాని అసలు లెక్కలు సేకరించి, అక్కడున్న సమస్య ఏంటో గుర్తించి, విశ్లేషించి, యజమానికి పనికొచ్చే సూచన ఇవ్వాలి. ముందు ప్రతిపాదన, మధ్యలో ఒక నివేదిక, చివర్లో ఇంకో నివేదిక, ఆపైన వైవా. నెట్‌లో దొరికే డేటా దించుకుని రంగురంగుల గ్రాఫులు గీసినంత తేలిక కాదిది.

నా దృష్టిలో ఈ డిగ్రీ మొత్తానికీ అసలు పరీక్ష ఇదే. ఒక్కసారి ఊహించండి. కొట్టు యజమాని మొదట అడిగేది ‘లెక్కలు నీకెందుకు బాబూ’ అని. జీఎస్టీ వాళ్లు పంపారేమోనన్న అనుమానం ఒక పక్క, ఎదురు కొట్టువాడికి చెబుతాడేమోనన్న భయం ఇంకో పక్క. ఒప్పుకున్నాక చేతికిచ్చేది ఎక్సెల్ షీటు కాదు, అట్ట ఊడిన పద్దుల పుస్తకం. అందులో ‘మేస్త్రీ 240’ అని ఉంటుంది. ఆ 240 ఇచ్చిందా, ఇవ్వాల్సిందా? పేరున్నచోట సరుకు ఉండదు, సరుకున్నచోట తేదీ ఉండదు. పండగ వారం అమ్మకాలు రాయడానికి ఎవరికీ తీరికే ఉండదు. అంటే అందరికంటే ఎక్కువ అమ్మకాలు జరిగిన రోజులే పద్దులో ఖాళీగా కనిపిస్తాయి. ఖాళీని సున్నా అనుకుని లెక్క కట్టినవాడు, దసరాకు సరుకు తగ్గించమని సలహా ఇస్తాడు!

ఇలాంటి డేటాను బాగుచేయడం ఏ వీడియో పాఠంలోనూ రాదు. యజమానితో స్టూలు మీద కూర్చుని మాట్లాడితేనే వస్తుంది. మాట్లాడటం రాని, సిగ్గుపడే పిల్లలకు ఈ ప్రాజెక్టు మిషన్ లెర్నింగ్ కంటే కష్టం. లెక్కల్లో అంతంతమాత్రమైనా ఊళ్లో అందరితో చనువుగా ఉండే పిల్లలకు మాత్రం ఇక్కడ కలిసొస్తుంది.

యాప్ డెవలప్‌మెంట్ ప్రాజెక్టులు రెండున్నాయి. విద్యార్థులు ముద్దుగా ‘మ్యాడ్ 1’, ‘మ్యాడ్ 2’ అంటారు. అవి కూడా ఒంటరిగా కట్టి, వైవాలో వరుస వరుసకూ జవాబు చెప్పుకోవాల్సినవే.

పూలు పోయి పెంగ్విన్లు వచ్చాయి

ప్రపంచంలో ఏ మూల డేటా సైన్స్ చదివినా ఒక పూల పట్టిక ఎదురయ్యేది. మూడు రకాల ఐరిస్ పూలు, రకానికి 50, మొత్తం 150. ఎడ్గార్ ఆండర్సన్ కొలిచిన ఈ పూలను రొనాల్డ్ ఫిషర్ 1936లో తన వ్యాసంలో వాడాడు.

తరాలు గడిచాక చాలామంది గమనించిందేమిటంటే, ఆ పూల వ్యాసం అచ్చయిన పత్రిక పేరు ‘ఆనల్స్ ఆఫ్ యుజెనిక్స్’. మనుషుల్లో ‘మేలు జాతి’ని పెంచాలన్న సిద్ధాంతానికి వేదిక అది. పూలది తప్పేముంది అనొచ్చు. అయినా 2020లో అంటార్కిటికా పెంగ్విన్ల పట్టిక ఒకటి బయటికి రాగానే బోలెడుమంది అధ్యాపకులు అటు మారిపోయారు. మూడు రకాల పెంగ్విన్లు, 344 పక్షులు. పైగా పూల పట్టికలో లేనిది, నిజజీవితంలో ఎప్పుడూ ఉండేది ఇందులో ఉంది. కొన్ని గళ్లు ఖాళీ!

బోస్టన్ ఇళ్ల ధరల పట్టికది ఇంకో కథ. 506 వరుసల ఈ పట్టికను రిగ్రెషన్ నేర్పడానికి ఏళ్ల తరబడి వాడారు. అందులో ఒక నిలువు వరుస ఆ పేటలోని నల్లజాతివారి నిష్పత్తి నుంచి లెక్కగట్టింది. జాతుల వేర్పాటు ఇంటి ధర పెంచుతుందన్న ఊహ దాని లోపల దాగి ఉంది. పైథాన్‌లో అందరూ వాడే సైకిట్-లెర్న్ లైబ్రరీ 2022లో వచ్చిన 1.2 వెర్షన్‌లో ఈ పట్టికను తీసేసింది. వాడినవాళ్లలో ఎంతమంది ఆ వరుస అర్థం చదివి ఉంటారు? ఎథిక్స్ పేపరును ‘ముందురోజు చదివితే చాలు’ అని పక్కకు నెట్టే విద్యార్థులకు చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ. 2018లో అమెరికా నేషనల్ అకాడమీస్ డేటా సైన్స్ డిగ్రీల మీద ఇచ్చిన నివేదికలో, వైద్యులు చేసే ప్రమాణం లాంటిది డేటా సైంటిస్టుల కోసం కూడా రాసి జతచేశారు.

సున్నా క్రెడిట్లు, పాస్ కాకపోతే పట్టా లేదు

జేఎన్టీయూ హైదరాబాద్ ఆర్-18 రెగ్యులేషన్ చూడండి. సీఎస్‌డీ విద్యార్థికి రాజ్యాంగం మీద ఒక కోర్సు, పర్యావరణం మీద ఒకటి, జెండర్ సెన్సిటైజేషన్ ల్యాబ్ అని ఇంకొకటి ఉంటాయి. వీటికి క్రెడిట్లు సున్నా. 160లోకి ఒక్కటీ చేరదు. కానీ పాస్ కాకపోతే డిగ్రీ ఆగిపోతుంది. జెండర్ ల్యాబ్‌కు ఇంగ్లిష్, తెలుగు రెండు భాషల్లోనూ పాఠాలున్న పుస్తకాన్ని తెలుగు అకాడమీ ప్రచురించింది. ఇంజినీరింగ్ సిలబస్‌లో తెలుగులో చదవడానికి దొరికే పుస్తకం అంటే అదొక అరుదైన సంగతే.

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది. మొదటి ఏడాది వేసవిలో 180 గంటలు. ఊళ్లో ఇంటింటికీ వెళ్లి సామాజిక, ఆర్థిక సర్వే చేయడం అందులో భాగం. చాలామంది దీన్ని సంతకాల వ్యవహారంగా చూస్తారు. డేటా సైన్స్ మేజర్ తీసుకున్న విద్యార్థికి ఇది అనుకోకుండా దొరికిన నిధి. ‘మీ ఇంట్లో సంపాదించేవాళ్లు ఎంతమంది?’ అని అడిగితే, పొద్దుట్నుంచీ పొలంలో ఉండి వచ్చిన ఆవిడ తనను లెక్కలో కలుపుకోకుండా ‘మా ఆయన ఒక్కడే’ అంటుంది. ప్రశ్న అడిగే తీరును బట్టి అంకె మారిపోతుందన్న పాఠం అక్కడ ఉచితంగా దొరుకుతుంది.

చిన్నా చితకా

తెలంగాణలో మామూలు బీఎస్సీలో డేటా సైన్స్ 2020లో వచ్చింది. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, డేటా సైన్స్ కలిసిన గ్రూపు. బీటెక్ ఫీజు భరించలేని ఇళ్లకు ఇది మంచి దారి. డిగ్రీ కాలేజీ అనగానే మొహం చిట్లించే బంధువుల్ని పట్టించుకోనక్కర్లేదు.

ఐఐటీ మద్రాసు ఫౌండేషన్‌లోని 8 కోర్సుల్లో 2 ఇంగ్లిష్. పైథాన్ ఒక్కటే.

‘ఆర్’ అనే ప్రోగ్రామింగ్ భాష ఏ కంపెనీలోనూ పుట్టలేదు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు అధ్యాపకులు తమ విద్యార్థులకు స్టాటిస్టిక్స్ నేర్పడానికి కంప్యూటర్ ల్యాబులో సరైన సాఫ్ట్‌వేర్ లేదని 1990ల్లో సొంతంగా రాసుకున్నారు.

రెండు డిగ్రీలు ఒకేసారి చదవడానికి యూజీసీ 2022లో అనుమతి ఇచ్చింది. కాబట్టి పగలు తెలుగు సాహిత్యం బీఏ, రాత్రి డేటా సైన్స్ అన్నది ఇప్పుడు నిబంధనలకు లోబడిన పనే. బర్క్‌లీవాళ్లు మూడు కోర్సులతో సరిపెట్టే డొమైన్ ఎంఫసిస్, మనవాళ్లు ఏకంగా ఒక డిగ్రీగానే చేసుకోవచ్చన్నమాట.

విదేశాల్లో మొదటి ఐఐటీ, అందులో మొదటి డిగ్రీ

2023లో ఐఐటీలు మొదటిసారి దేశం దాటాయి. ఐఐటీ మద్రాసు టాంజానియాలోని జాంజిబార్ దీవిలో క్యాంపస్ తెరిచింది. దానికి సారథిగా ప్రీతి అఘాలయం వెళ్లారు. ఒక ఐఐటీ క్యాంపస్‌కు డైరెక్టర్-ఇన్-ఛార్జ్ అయిన మొదటి మహిళ ఆమె. అక్కడ డిగ్రీ స్థాయిలో సివిల్ కాదు, మెకానికల్ కాదు, మొదట పెట్టింది డేటా సైన్స్ అండ్ ఏఐలో నాలుగేళ్ల బీఎస్. ఇది ఆన్‌లైన్ కాదు, క్యాంపస్‌లో ఉండి చదివేది. ఆన్‌లైన్ బీఎస్‌లా కటాఫ్ దాటిన అందరినీ చేర్చుకునే పద్ధతి కూడా ఇక్కడ లేదు. ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ రెండూ దాటాలి. మన పిల్లలు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాకపోతే హాస్టల్ ఫీజుతో పాటు విమానం టికెట్టు కూడా లెక్కలో వేసుకోవాలి.